పరాకు అనుకున్నది

2016 ఫిబ్రవరి 10 సాయంత్రం విజయవాడ గుణదల కొండ మెట్ల మీద కొవ్వొత్తి వెలిగించుకుని నిలబడి మరియ తల్లితో ఒక మాట అన్నాను. "అమ్మా, ఇది గాలికి ఆరిపోకుండా అడుగంటా కాలితే మా ఆయన మంచం దిగి నడుస్తారు." ఆ తల్లి సరేననలేదు. అడిగిందీ నేనే, ఒప్పుకున్నదీ నేనే.

ఆ ఏడు గుణదల ఉత్సవాల్లో నడిమి రోజు, విభూది బుధవారం ఒక్కనాడే పడ్డాయి. పొద్దున పూజలో ఫాదర్‌గారు నుదుట పెట్టిన బూడిద సిలువ ఇంకా పూర్తిగా చెరగలేదు. మనిషి మట్టే, చివరికి మట్టిలోకే పోతాడని గుర్తు చేయడానికి పెట్టే బూడిద అది. దాన్ని నుదుట పెట్టుకుని కూడా ఆ మాట వినిపించుకోకుండా కొండెక్కాను. అప్పటికి రెండు నెలలుగా మా ఆయన పక్షవాతంతో మంచాన ఉన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు కదలవు. మాట పడిపోయింది.

కొండ మీద గాలి బాగానే ఉంది. నా ముందు మెట్టు మీదున్న పెద్దాయన కొవ్వొత్తి మూడుసార్లు ఆరింది. గుండు చేయించిన పిల్లాణ్ణి చంకనేసుకున్న ఒకమ్మాయి అరచెయ్యి అడ్డం పెట్టి వెలిగించుకుంటోంది, మళ్లీ ఆరుతోంది. నాది మాత్రం ఆరలేదు. మైనం వేళ్ల మీదికి కారి గడ్డకట్టింది. వత్తి చివరి ముక్క కరిగిన మైనంలోకి ఒరిగి, ఒక్క క్షణం నీలంగా నిలిచి, ఆగిపోయింది. నాకు ఒళ్లంతా ఝల్లుమంది.

ఆ రాత్రే డాలస్‌లో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేశాను. వాడు 12వ తేదీకి టికెట్ తీసుకుని ఉన్నాడు. "ఇప్పుడు రావద్దు నాన్నా, సెలవులు దాచుకో. నాన్నగారికి తగ్గిపోతుంది. నాకు గుర్తు దొరికింది. ఎండాకాలం వద్దువుగాని, గన్నవరానికి ఆయనే ఎదురొస్తారు" అన్నాను. నా మాటంటే వాడికి గురి. టికెట్ రద్దు చేసుకున్నాడు. 23వ తేదీ మంగళవారం తెల్లవారుజామున మా ఆయన పోయారు. అబ్బాయి వచ్చేసరికి ఆయన ఫ్రీజర్ పెట్టెలో ఉన్నారు.

ఈ కొవ్వొత్తి సంగతి మా అబ్బాయికి తప్ప ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు పత్రికకు రాస్తున్నానంటే కారణం ఉంది. మా కాలనీలో ఒకావిడ ఈ మధ్య ఒక ప్రార్థన కూటానికి వెళ్లి, కళ్లు మూసుకున్నప్పుడు అరికాళ్లలోంచి వేడి పైకి పాకిందని, అదే స్వస్థత గుర్తని ఇన్సులిన్ మానేసింది. మూడు వారాలకు కాలి పుండు మానక ఆసుపత్రిలో చేరింది. చూడటానికి వెళ్లాను. "దేవుడు నన్ను మోసం చేశాడా అక్కా?" అని అడిగింది. ఆ ప్రశ్న నాది. 2016లో ఏడాది పొడుగునా నన్ను నేనే అడిగిన ప్రశ్న అది. దానికి నాకు దొరికిన జవాబు ఆమెకు ఆ మంచం పక్కన నిలబడి చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో ఫిజికల్ సైన్స్ చెప్పాను. పుట్టింది ఫిరంగిపురం దగ్గరి పల్లెలో, కతోలిక ఇంట్లో. రాయప్ప, చిన్నప్ప, శౌరి, ఇన్నయ్య అని పేర్లు పెట్టుకునే ఊళ్లు మావి. పేతురు, పౌలు, జేవియర్, ఇగ్నేషియస్ మా నోళ్లలో పడి అలా తెలుగువాళ్లయ్యారు. చీకటి పడగానే అమ్మ చాప పరిచి జపమాల మొదలుపెట్టేది. మధ్యలో ఎవరికైనా కునుకు వస్తే మోచేత్తో పొడిచేది. ప్రార్థనలో మనసు పక్కకు పోతే మా ఇంట్లో దానికి ఒకటే మాట: పరాకు. "పరాకు వస్తే తోసెయ్, మళ్లీ పూసల్లోకి రా" అనేది అమ్మ. పాపసంకీర్తనంలో మేమంతా తప్పకుండా చెప్పుకునే పాపం కూడా అదే, ప్రార్థనలో పరాకుగా ఉన్నానని.

చిన్నప్పుడు నేర్చుకున్న ఆ మాట మీదే నా వాదన అంతా నిలబడి ఉంది. కాస్త ఓపిక పట్టండి.

గుర్తులు అడగడం కతోలికులం కనిపెట్టిన పని కాదు. మా పక్కింటి పిన్నిగారు కూతురి సంబంధం తేలక గుళ్లో పూలు పెట్టి అడిగించుకున్నారు. ఏడాదికోసారి గుణదల కొండకు కూడా వస్తారు, కొబ్బరికాయ కొడతారు. దిక్కుతోచనప్పుడు మనిషి పైకి చూసి "ఏదో ఒకటి చెప్పు" అనడంలో తప్పు నాకు కనిపించదు. బైబిల్లో గిద్యోను ఉన్ని పరిచి, ఒకరోజు మంచు ఉన్ని మీదే పడాలన్నాడు, మర్నాడు ఉన్ని తప్ప నేలంతా తడవాలన్నాడు. దేవుడు విసుక్కోలేదు. కానీ గిద్యోను రెండోసారి అడిగాడని గమనించండి. మొదటి గుర్తుకే లేచి పరుగెత్తలేదు. నేను ఒక్క కొవ్వొత్తికే పరుగెత్తాను.

గుణదలలో కొలువైనది లూర్దు మాత. 1924లో ఫాదర్ అర్లాటి ఈ కొండ మీద ఆ తల్లి స్వరూపాన్ని నిలిపారు. అంటే మా కొండ కథ వెనక ఫ్రాన్సు దేశపు లూర్దు కథ ఉంది. ఏటా ఫిబ్రవరి 11న ఆ కథను మైకుల్లో వింటూనే ఉంటాం. అందులో ఒక ముక్క మాత్రం మైకుల్లో పెద్దగా వినపడదు. 1858లో పద్నాలుగేళ్ల బెర్నదెత్ కట్టెపుల్లలు ఏరుకోవడానికి వెళ్లి, మసబియేల్ గుహ దగ్గర ఒక స్త్రీని చూసింది. ఫిబ్రవరి నుంచి జూలై దాకా పద్దెనిమిదిసార్లు. పక్కనున్న జనానికి ఏమీ కనపడలేదు. ఆ ఊరి విచారణ గురువు పెరమాల్ మొదట్లో నమ్మలేదు. "ఆమె ఎవరో చెప్పమను. గుహ దగ్గరున్న అడవి గులాబీ పొదను ఈ చలికాలంలో పూయించమను, అప్పుడు నమ్ముతా" అని కబురు పెట్టాడు. బెర్నదెత్ ఆ కబురు చేరవేసింది. ఆ స్త్రీ చిరునవ్వు నవ్విందట. పొద పూయలేదు.

అడిగిన గుర్తు రాలేదు. దానికి బదులు వచ్చింది చూడండి: ఒకరోజు ఆ పిల్ల గుహలో నేల గోకి, బురదనీళ్లు తాగి, గడ్డి నమిలి, ముఖమంతా మట్టితో లేచింది. చూడటానికి వచ్చినవాళ్లు పిచ్చిదన్నారు. ఆ బురదే తర్వాత తేరి ఊటయింది. పూల కోసం చూస్తున్న కళ్లకు బురద గుర్తుగా ఎలా కనిపిస్తుంది? ఆ ప్రాంతపు బిషప్ లారెన్స్ ఈ దర్శనాలు నమ్మదగినవని ప్రకటించింది 1862 జనవరిలో. మూడేళ్లకు పైగా విచారణ జరిపించాడు. ఈలోగా బెర్నదెత్‌ను పోలీసు కమిషనర్ దగ్గర్నుంచి పెద్ద గురువుల దాకా గుచ్చిగుచ్చి అడిగారు. ఆ పిల్ల మాట మార్చలేదు, ఎవరి దగ్గరా డబ్బు ముట్టలేదు. 1866లో మఠంలో చేరడానికి ఊరు విడిచి వెళ్లి, మళ్లీ ఆ గుహకు రాకుండానే 35 ఏళ్లకు పోయింది.

లూర్దులో వైద్యుల విభాగం ఒకటి 1883 నుంచి నడుస్తోంది. స్వస్థత పొందామని వచ్చినవాళ్ల కాగితాలు, పరీక్షలు అక్కడ చూస్తారు. వేరే మతాల డాక్టర్లు, ఏ మతమూ లేని డాక్టర్లు కూడా కూర్చుని చూడొచ్చు. ఇన్నేళ్లలో నమోదైన కేసులు ఏడువేల పైచిలుకు. తిరుసభ అద్భుతాలని ఒప్పుకున్నవి డెబ్బై పైచిలుకు. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన రాసి మన ప్రతి ప్రార్థన కూటం గోడ మీదా అతికించాలని నాకు ఉంటుంది. నమ్మకం తగ్గించడానికి కాదు. ఇంత ఓపికగా చూసే సంప్రదాయం మనదని మనవాళ్లకు తెలియడానికి.

ముంబయిలో 2012లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. విలే పార్లేలో వేళాంకన్ని మాత గుడి దగ్గరి సిలువ మీద యేసు స్వరూపం పాదాల నుంచి నీటి చుక్కలు రాలాయి. జనం పోగయ్యారు, ఆ నీళ్లు పట్టుకుని తాగారు. హేతువాది సనల్ ఎడమరుకు వచ్చి చూసి, పక్కన పూడుకుపోయిన మురుగు కాలువ నీరు గోడలోకి, అక్కడి నుంచి చెక్కలోకి పీల్చుకుని పైకి ఎక్కుతోందని చెప్పాడు. కేశనాళికీయత. నేను ఏటా పిల్లలకు దీపం వత్తి చూపించి చెప్పే పాఠం. దానికి ఆయన మీద మతభావాలు గాయపరిచాడని కేసులు పెట్టారు. ఆయన దేశం విడిచి ఫిన్లాండ్ వెళ్లిపోయాడు. ఒక కతోలికురాలిగా చెబుతున్నాను, అది మనకు తగని పని. జనం మురుగునీళ్లు తాగకుండా ఆపిన మనిషికి దండం పెట్టాల్సింది పోయి కేసు పెట్టాం. పౌలు తెస్సలోనికవాళ్లకు రాసిన మొదటి లేఖలో అన్నిటినీ పరీక్షించి మంచిదాన్ని పట్టుకోమని చెప్పాడు. పరీక్షించినవాడి మీద కోపం ఎందుకు?

రోము ఈ విషయంలో మనకన్నా చాలా జాగ్రత్తగా ఉంటుంది. 2024 మే 17న వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగం కొత్త నియమాలు వెలువరించింది. దర్శనాలు, కన్నీరు కార్చే స్వరూపాలు, ఇలాంటివి జరిగాయన్నప్పుడు బిషప్పులు ఏం చేయాలో అందులో ఉంది. ఆరు రకాల తీర్పులు ఇవ్వొచ్చు. ఆరింటిలోకీ మంచి తీర్పు పేరు "నిహిల్ ఒబ్‌స్తాత్", అంటే అడ్డు చెప్పడానికేమీ లేదని. ఇది దేవుడు చేసిందేనని ముద్ర వేయడం కాదు, విశ్వాసులు వెళ్లి ప్రార్థించుకోవచ్చు అంతే. అదే మన ఫోన్లలో మేఘంలో మరియమ్మ ముఖం ఫొటో వస్తే ఒక్క నిమిషంలో "ఆమెన్" అని నలభై మందికి పంపేస్తాం.

ఇవన్నీ బయట కనపడే గుర్తుల సంగతి. నా బాధ అసలు లోపలి గుర్తుల గురించి. ఒంటరిగా కూర్చుని జపం చేసేటప్పుడు ఒళ్లు పులకరిస్తుంది, కన్నీళ్లు వస్తాయి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఉంటుంది, తెరిచిన బైబిలు పేజీలో సరిగ్గా మన కష్టం గురించే వాక్యం కనపడుతుంది. ఇవి ఏ బిషప్పూ విచారించడు. ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. ఎలా తేల్చుకోవాలో మాకు ఎవరూ నేర్పలేదు. జ్ఞానోపదేశం క్లాసులో మంగళవార్త జపం నేర్పారు, పది ఆజ్ఞలు నేర్పారు, సిలువ మార్గం పద్నాలుగు స్థలాలు వరుసగా అప్పజెప్పించారు. ప్రార్థనలో ఏదైనా జరిగితే దాన్ని ఏం చేసుకోవాలో మాత్రం చెప్పలేదు.

మా ఆయన పోయాక ఏడాదిన్నర నేను జపమాల ముట్టలేదు. ఆదివారం పూజకు వెళ్లేదాన్ని, వెనక బల్ల మీద కూర్చుని వచ్చేసేదాన్ని. 2017 ఎండాకాలంలో పాత పరిచయమున్న ఒక సిస్టర్, ఆవిడా రిటైరైన టీచరే, ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. ఇగ్నేషియస్ లొయోలా తన జీవితం గురించి ముసలితనంలో చెప్పి రాయించుకున్న పుస్తకం. మా ఊళ్లో అరడజను మంది ఇన్నయ్యలున్నారు కానీ ఆ పేరుగల అసలు మనిషి ఎవరో అప్పుడు తెలిసింది.

ఆయన సైనికుడు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. లొయోలాలోని ఇంట్లో మంచాన పడ్డాడు. పొద్దుపోవడానికి వీరుల కథలు తెమ్మంటే ఇంట్లో అవి లేవు. క్రీస్తు చరిత్ర ఒకటి, పునీతుల కథలు ఒకటి దొరికాయి. చదువుతూ ఉన్నప్పుడు రెండు రకాల ఊహలు వచ్చేవట. ఒకటి, గొప్పింటి స్త్రీ ఒకామె మెప్పు కోసం తను చేయబోయే సాహసాలు. రెండు, పునీతుల్లాగా చెప్పుల్లేకుండా నడిచి యెరూషలేముకు పోవడం. రెండూ ఊహించుకునేటప్పుడు హాయిగానే ఉన్నాయి. తేడా తర్వాత తెలిసింది. మొదటి ఊహ అయిపోయాక మనసు ఎండిపోయేది. రెండోది అయిపోయాక కూడా సంతోషం అలాగే ఉండేది. మొదట్లో ఈ తేడాను పట్టించుకోలేదు. ఒకరోజు పట్టించుకున్నాడు. ఆయన జీవితం, ఆయన పెట్టిన యేసు సభ, 1548లో పోపు ఆమోదం పొందిన ఆయన ఆధ్యాత్మిక సాధనల పుస్తకం, అంతా ఆ ఒక్క గమనింపు నుంచి మొదలయ్యాయి.

ఆ పుస్తకంలో నన్ను పట్టుకుని కుదిపినది ఇంకొక చోట ఉంది. మన్రేసాలో తపస్సు చేసుకుంటున్న రోజుల్లో పట్టపగలు గాలిలో ఒక రూపం కనపడేదట. పాములా ఉండేది, ఒంటి నిండా కళ్లలాగా మెరిసేవి. చాలా అందంగా ఉండేది, చూస్తుంటే ఎంతో ఊరటగా ఉండేది, మాయమైతే బెంగగా ఉండేది. తర్వాత ఒకరోజు సిలువ ముందు మోకరించి ఉండగా మళ్లీ కనపడితే, అక్కడ దాని మెరుపు తగ్గినట్టు తోచింది. అది దేవుడి దగ్గర్నుంచి వచ్చింది కాదని తేల్చుకున్నాడు. చేతికర్రతో తోలేసేవాడట. అందంగా ఉంది, ఊరటనిచ్చింది, అయినా కాదన్నాడు! నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఊరటనిచ్చిన ప్రతిదీ దేవుడేనని అంతవరకూ అనుకున్నాను.

అప్పుడు నా కొవ్వొత్తిని తిరిగి చూసుకున్నాను. అది అడుగంటా కాలిపోయిన క్షణంలో ఒళ్లు ఝల్లుమంది, నిజమే. తర్వాత ఏమైంది? శాంతి కలగలేదు. కొవ్వొత్తి మాట ఎత్తకుండా, ఆయనకు తగ్గిపోతుందని మాత్రం ఫోను పట్టుకుని పదిమందికి చెప్పాను. చెప్పినకొద్దీ ఇంకా గట్టిగా చెప్పాలనిపించింది. రాత్రి నిద్రపట్టలేదు. డాక్టరుగారు "పరిస్థితి బాగాలేదమ్మా, దూరాన ఉన్నవాళ్లను పిలిపించుకోండి" అంటే ఆయన మీద కోపం వచ్చింది. మా ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాల్సిన ఆ పదమూడు రోజులూ ఆయన లేచి నడిచే రోజు కోసం గడప వైపు చూస్తూ గడిపాను. వెళ్లిపోతున్న మనిషికి వీడ్కోలు చెప్పలేదు. దేవుడి గుర్తు ఒక భార్యను భర్త పక్కనుంచి లేపుతుందా?

ఇప్పుడు టీచరుగా కూడా ఆలోచిస్తాను. నా ముందు మెట్టు మీద నిలబడ్డ పెద్దాయన నాకన్నా జానెడు పొడుగు. గాలి ఆయన వైపు నుంచి వస్తోంది. నా మంటకు అడ్డుగోడ ఆయన వీపే. ఆయన కొవ్వొత్తి మూడుసార్లు ఆరింది, ఆయన నిలబడ్డ చోటు వల్ల నాది ఆరలేదు. ఆ రోజు దాన్ని చూసి ఉంటే ఆయనకు ఒక అగ్గిపుల్ల గీసి ఇచ్చి ఉండేదాన్ని.

2017 అక్టోబరులో మళ్లీ జపమాల పట్టుకున్నాను. అక్టోబరు 7, శనివారం, జపమాల మాత పండుగ. శనివారం కాబట్టి జపంలో ధ్యానించాల్సినవి సంతోష రహస్యాలు. రెండో రహస్యం దగ్గర మా వదిన ముఖం కళ్లముందుకు వచ్చింది. తోసేశాను. మళ్లీ వచ్చింది. మా వదినకూ నాకూ అప్పటికి తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. నాన్న నాకని నోటిమాటగా ఇచ్చిన అర ఎకరం మిరప చేను అన్న పేరు మీదే ఉండిపోయింది. అన్న పోయాక వదిన దాన్ని అమ్మి కూతురి పెళ్లి చేసింది. నలుగురిలో నేను ఆమెను దొంగ అన్నాను. మొగుడు పోయి ఏడాది తిరగని మనిషిని అన్నాను ఆ మాట.

సోమవారం మళ్లీ అదే చోట వచ్చింది. అమ్మ నేర్పిన ప్రకారం అది పరాకు. పూసల్లోకి రావాలి. వారం రోజులు తోశాను. తోసినకొద్దీ జపం చెక్క నమిలినట్టు అయింది. పుస్తకం చదివి ఉన్నాను కాబట్టి ఒకరోజు తోయకుండా ఊరుకున్నాను. ఆ ముఖాన్ని అలాగే ఉండనిచ్చి పది మంగళవార్తలూ చెప్పాను. ఏ ఝల్లూ లేదు, వేడీ లేదు, కన్నీళ్లూ లేవు. గిన్నెలు తోముకునేటప్పుడు చూసుకుంటే లోపల ఏదో నెమ్మదించి ఉంది. పొద్దున లేచేసరికీ ఉంది. నోటుపుస్తకం తీసి తేదీ వేసి రాసుకున్నాను. మూడు వారాలు రాశాను. ఎవరికీ చెప్పాలనిపించలేదు.

రెండో రహస్యం ఏమిటో కతోలికులకు చెప్పనక్కరలేదు. మిగతావాళ్లకు చెబుతాను. మరియ తల్లి కొండ సీమకు ప్రయాణమై, చుట్టమైన ఎలిజబెతమ్మ ఇంటి గుమ్మంలోకి వెళ్లడం. ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషి ఇంటికి వెళ్లే కథ నోటితో చెబుతుంటే నేను వెళ్లని ఇల్లు గుర్తుకురావడంలో వింతేముంది, మనసుకు అది సహజం అంటారు. నేనూ అంటాను. ఇందులో మనస్తత్వశాస్త్రం వివరించలేనిదేదీ లేదు. అయితే సహజమైనదాంట్లోంచి దేవుడు మాట్లాడడని ఎవరు చెప్పారు? దేవుడి కృప మనిషి స్వభావాన్ని చెరిపెయ్యదు, దాన్నే పండిస్తుందని తోమాస్ అక్వినాస్ ఏనాడో చెప్పాడు. కొవ్వొత్తికీ ఒక వివరణ ఉంది, వదిన ముఖానికీ ఒక వివరణ ఉంది. వివరణ ఉందా లేదా అన్నది నా పరీక్ష కాదు. ఒకటి నన్ను మంచంలో ఉన్న మనిషికి దూరం చేసింది. రెండోది బస్సెక్కించింది.

నవంబరు 2, సమాధుల పండుగ. ఊరికి వెళ్లి నాన్న సమాధి, అమ్మ సమాధి, అన్న సమాధి కడిగి పూలు పెట్టాను. అన్న సమాధి మీద అప్పటికే బంతిపూలున్నాయి. అక్కడి నుంచి వదిన ఇంటికి నడిచాను. కాళ్లు వణికాయని చెప్పడానికి నాకు సిగ్గులేదు. వదిన వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఏం మాట్లాడాలో అనుకుని వెళ్లిన మాటలు ఒక్కటీ రాలేదు.

"వదినా, అన్నం ఉందా?" అన్నాను.

చాలాసేపు నా వైపు చూసింది. చేతులు ఘాటుగా ఉన్నాయేమో మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "చెప్పులు విప్పి లోపలికి రా అమ్మాయ్. గోంగూర పచ్చడుంది" అంది.

క్షమాపణ భోజనం అయ్యాక చెప్పాను. పొలం సంగతి మేమిద్దరం ఇంతవరకూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం నాకు కనపడలేదు, ఆమెకూ కనపడలేదనుకుంటాను. మా అబ్బాయి మొన్న సెలవులకు వచ్చినప్పుడు రెండు రోజులు అత్తయ్య దగ్గరే ఉన్నాడు. వాడు నన్ను ఏనాడూ నిందించలేదు. ఒక్కసారి మాత్రం అడిగాడు, "ఆ రోజు అంత గట్టిగా ఎలా చెప్పావమ్మా?" అని. వాడికి కొవ్వొత్తి సంగతి అంతా చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పినట్టే. వాడు లేచి వెళ్లి కాసేపు బయట నిలబడి వచ్చాడు.

ఇక నా వాదన. మన గుళ్లలో సాక్ష్యాలకు మైకు ఇస్తున్నాం. నవదినాల్లో, ఉపవాస కూటాల్లో గుర్తు దొరికిందన్నవాళ్లను అప్పటికప్పుడు వేదిక ఎక్కిస్తున్నాం. ఆ మైకు ఆరు నెలలు ఆగి ఇవ్వండి. స్వస్థత అన్నవాళ్లు డాక్టరు కాగితంతో రావాలి. లూర్దులో తప్పు కానిది విజయవాడలో తప్పు కాదు. గుర్తు దొరికిందన్న మనిషి ఇంట్లోవాళ్లను అడగండి, ఆ తర్వాత ఆమె మెత్తబడిందా, గట్టిపడిందా అని. మందు మానెయ్యమని చెప్పే గొంతు ఎవరిదైనా, ఎంత తియ్యగా వినిపించినా, ఆ గొంతును వేదిక దించండి. ఇందులో విశ్వాసానికి నష్టం లేదు. సిలువ యోహాను వంటి ప్రార్థనాపరుడే దర్శనాలను, వినపడే మాటలను పట్టుకుని వేలాడవద్దన్నాడు. నిజంగా దేవుడివైతే వాటి మంచి అప్పటికే లోపల జరిగిపోతుంది, వాటిని పట్టుకోకపోయినా నష్టం లేదని ఆయన లెక్క.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఇగ్నేషియస్ నేర్పిన ఆత్మపరిశీలన, ఆత్మల వివేచన మన సెమినరీల్లో, మఠాల్లో ఏళ్ల తరబడి నేర్పుతారు. అది తొడిమలు తీసే వదినకు, ఇన్సులిన్ మానేసిన మా కాలనీ ఆవిడకు ఎందుకు అందలేదు? పెద్ద చదువేమీ కాదది. రాత్రి పది నిమిషాలు, ఒక నోటుపుస్తకం, వారానికోసారి వినే ఒక మనిషి. దృఢీకరణ తీసుకునే పిల్లలకు జపాలతో పాటు అది కూడా నేర్పాలి. అది నేర్పకపోతే ఒళ్లు ఝల్లుమనడమే దేవుడనుకునేవాళ్లు ఝల్లుమనిపించేవాళ్ల వెంట పోతారు, ఝల్లుమననివాళ్లు తమకు దేవుడు లేడనుకుంటారు. ఈ రెండోవాళ్ల గురించి నాకు ఎక్కువ దిగులు. మదర్ తెరెసా 1946 సెప్టెంబరులో డార్జిలింగ్ వెళ్లే రైల్లో దేవుడి పిలుపు విన్నది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆమె ప్రార్థనలో చీకటే. ఆమె పోయాక 2007లో అచ్చయిన ఉత్తరాల్లో ఆ సంగతి బయటపడితే కొందరు ఆశ్చర్యపోయారు. జపమాలలో ఏమీ అనిపించక మానేసిన ఏ అమ్మకైనా ఆ ఉత్తరాల సంగతి మన గుళ్లో చెప్పి ఉంటే ఎంత బలంగా ఉండేది!

కాలనీ ఆవిడ ఇంటికి వచ్చింది. కాలు దక్కింది. వారంలో రెండు సాయంత్రాలు వెళ్లి ఇన్సులిన్ వేసి, ఇద్దరం కలిసి జపమాలలో ఒక పది చెప్పుకుంటున్నాం. ఆమె ప్రశ్నకు జవాబు కొద్దికొద్దిగా చెబుతున్నాను.

నాకు ఈ మధ్య పది రోజులుగా మరో ముఖం వస్తోంది. ఎప్పుడో 1994లో ఎనిమిదో తరగతిలో ఉన్న ఒక కుర్రాడు. లెక్క తప్పు చేశాడని అందరి ముందు స్కేలుతో కొట్టాను, ఇంటి సంగతి ఎత్తి ఒక మాట కూడా అన్నాను. తర్వాత బడి మానేశాడు. ఇది దేవుడో, వయసో, మొన్న పాత గ్రూప్ ఫొటో చూసిన ప్రభావమో ఇంకా తేలలేదు. తోయడం లేదు. వాడి తోటివాడి దగ్గర వాడి షాపు నంబరు దొరికింది. శనివారం సిస్టర్ దగ్గరికి నోటుపుస్తకం పట్టుకెళ్లాలి. పదకొండో రోజు తేదీ వేసి పెట్టాను. ఈ పూట జపమాల ఇంకా చెప్పుకోవాల్సి ఉంది.